పోతానంటేనే మర్యాద

మా రోజుల్లో ఉన్న ఫోన్ కనెక్షన్ వద్దని తిరిగిచ్చేవాడు కనిపిస్తే, పాపం ఏమైందో ఏమోనని వాళ్లింటికెళ్లి పలకరించి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఏడాదికో నెట్ కంపెనీ మార్చేవాడే తెలివైనవాడు. నేనూ మొన్న మార్చాను. మార్చినందుకు కాదు నా ఏడుపు. ఏళ్ల తరబడి ఒకే కంపెనీకి తేదీ తప్పకుండా డబ్బు కట్టినన్నాళ్లు నేనెవరో వాళ్లకు తెలియదు. పోతానన్న రోజు నుంచి రోజూ ఫోన్లే. ఆ కంపెనీ పేరెందుకు గానీ, తక్కినవీ ఆ తానులో ముక్కలేనని నలుగురూ చెబుతున్నారు.

మా కాలం ఎట్లా ఉండేదో చెబుతాను వినండి. 1991లో ఇంత పెద్ద దేశానికి ఉన్నవి 50 లక్షల చిల్లర ఫోన్లు. దరఖాస్తు పెట్టుకున్నాక ఏళ్లు గడిచేవి. ఎక్కువ డిపాజిట్ కట్టగలిగినవాళ్లకు ఓవైటీ అని ఒక వరస, మామూలోళ్లకు ఇంకో వరస. ఏ వరసలో నిలబడినా తేదీ తేదీయే. ముందు రాసుకున్నవాడికి ముందు. సిఫార్సులు లేవని అబద్ధమాడను, ఉండేవి. కానీ సీనియారిటీ అనే మాటకు ఒక బరువుండేది. దరఖాస్తు రసీదును రేషన్ కార్డుతో, ఇంటి పత్రాలతో కలిపి ట్రంకు పెట్టెలో దాచుకునేవాళ్లం. 1997 కల్లా అడిగినవాడికల్లా ఫోన్ ఇస్తామని 1994 టెలికాం విధానంలో ప్రభుత్వం ఘనంగా రాసుకుందంటే, అడగ్గానే ఫోన్ అన్నది ఎంత పెద్ద మాటో చూడండి.

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మేమున్న వీధికంతా ఒక్కటే ఫోను. పెళ్లిపత్రికల మీద ఆ నంబరే వేసుకుని పక్కన 'పీపీ' అని పెట్టుకునేవాళ్లం. అంటే ఫోను మాది కాదు, పిలిస్తే వస్తాం అని. ఆ ఇంటి పిల్లోడు పరుగెత్తుకొచ్చి "సార్, మీకు ట్రంకాలు" అంటే సగం తిన్న ముద్ద వదిలేసి లేచేవాళ్లం. ఆర్డినరీ కాల్ బుక్ చేస్తే ఎప్పుడు కలుస్తుందో దేవుడికెరుక. అర్జెంటుకు రెండింతలు, లైట్నింగ్‌కు ఎనిమిదింతలు. లైట్నింగ్ కాల్ వచ్చిందంటే ఆడవాళ్లు ముందే ఏడుపు మొదలుపెట్టేవాళ్లు.

తర్వాత ఎస్టీడీ బూతులొచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు. బెంగళూరులో చదివే కొడుకుతో మాట్లాడాలని భోజనం చేసి, ఓ కునుకు తీసి, చొక్కా వేసుకుని వెళ్లి వరసలో నిలబడేవాళ్లం. మీటరులో ఎర్ర అంకెలు దొర్లుతుంటే మాట కంటే ముందు కళ్లు అటే పోయేవి. అయినా అందులో ఒక న్యాయముంది. పదకొండు కొట్టాక కలెక్టరుకూ పావు రేటే, కూలివాడికీ పావు రేటే. తగ్గింపు గడియారాన్ని బట్టి, మనిషిని బట్టి కాదు.

నెట్టు కూడా అట్లానే మొదలైంది. 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ అనుకోవచ్చని 2004లో ప్రభుత్వం విధానం రాసింది. 2005 జనవరి 14న, సంక్రాంతి పూట, బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలుపెట్టింది. ఆ 256 వేగంలో 700 ఎంబీ సినిమా దిగాలంటే లెక్క ప్రకారం ఆరు గంటలు. లెక్క తప్పితే రేపు. తర్వాత వేగం పెంచారు, కొన్ని ప్లాన్లలో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదన్నారు. తిరుమల కొండమీద స్వామికి సుప్రభాతం పాడే వేళకు కొండకింద మా తిరుపతి కుర్రాళ్లంతా లేచి డౌన్‌లోడ్లు పెట్టేవాళ్లు. మా ఇంట్లో అంత పొద్దున్నే పిల్లలు లేచింది పరీక్షలకు కాదు, దీనికే.

వానొస్తే ఫోను తీగ రాగి జాయింట్లలోకి నీళ్లు దిగేవి, గరగర మొదలయ్యేది, ఆనక లైను చచ్చేది. అప్పుడు లైన్‌మన్ సైకిలు మీద వచ్చేవాడు. "ఏం సార్, ఎలకలు కొరికినాయేమో, ఉండండి చూస్తా" అని గోడ మీది రోజెట్ పెట్టె విప్పి, నడుముకున్న ఫోను తగిలించి ఎక్స్‌ఛేంజిలో మనిషితో మాట్లాడేవాడు. ఏ పిల్లరులో ఏ జత మనదో వాడి నోట్లోనే ఉండేది. ఒకోసారి నాలుగు రోజులు రాడు. వస్తే మాత్రం వచ్చేది వాడే. తిట్టాలన్నా, కాఫీ ఇవ్వాలన్నా ఒక ముఖముండేది. ఇంకోటి. కరెంటు పోయినా ఆ ఫోను మోగేది. ఎక్స్‌ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే దానికి కావలసిన కరెంటు వచ్చేది. ఇప్పటి ఫైబరు గాజుపోగు. వెలుగు తప్ప కరెంటు మొయ్యదు. ఇంట్లో కరెంటు పోతే డబ్బా గుడ్డిదవుతుంది. అందుకని నెట్టుకొక ఇన్వర్టరు.

ఇప్పటి సంగతికొద్దాం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలన్నారు. 2019 సెప్టెంబరు 5న జియోఫైబర్ వచ్చింది. మరుసటేడు లాక్‌డౌన్‌లో ఇల్లే ఆఫీసు, ఇల్లే బడి అయింది. ఇక చూడండి, అడిగినా ఇవ్వని రోజులు పోయి, అడక్కుండానే ఇచ్చే రోజులొచ్చాయి. ఇప్పుడు మేముండే తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రం పాలప్యాకెట్టుకు బయల్దేరితే గొడుగు కింద టేబుల్ వేసుకున్న కుర్రాళ్లు "అంకుల్, ఫైబర్?" అని కరపత్రం చేతిలో పెడతారు.

తిరుపతిలో ఉన్నవాడికి నెట్టు లేకపోతే బంధుత్వాలే నిలవవు లెండి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో పెట్టే రోజు పొద్దున పది గంటలకు ముందే అనంతపురం చిన్నాన్న, హైదరాబాదు తోడల్లుడు ఫోన్లు చేస్తారు. "మీరు కిందనే ఉన్నారు కదా, మీకైతే త్వరగా దొరుకుతుంది" అని. కొండకు దగ్గరైతే సర్వరుకూ దగ్గరనుకుంటారు! మా ఇంట్లో చక్రం తిరుగుతా ఉండగానే కోటా అయిపోతుంది. చెడ్డపేరు నాకు.

అట్లాంటి రోజొకటి చెడ్డాక, ఎదురింటి మేడ మీద అద్దెకున్న ఎస్వీ యూనివర్సిటీ పిల్లోణ్ని అడిగాను, నీకెంత నాయనా అని. కంపెనీ మాదే. వేగం మాకు రెండింతలు. నెలకు కట్టేది మాకంటే తక్కువ. రూటరు ఉచితం, సినిమాల యాప్‌లు ఉచితం. నిన్నగాక మొన్న చేరినవాడు! వెంటనే కస్టమర్ కేర్‌కు చేశాను. ఒకటి నొక్కి, మూడు నొక్కి, మీ కాల్ మాకెంతో ముఖ్యమని పాట విని, చివరికి ఒకమ్మాయి పలికింది.

"సార్, ఆ ఆఫర్ కొత్త కస్టమర్లకు మాత్రమే."

"నేను పాతవాణ్ని కదమ్మా."

"అవును సార్. అందుకే మీకు రాదు."

ఆ పిల్లనేమనగలం? రాసిచ్చింది చదివింది. ఫోను పెట్టేసి కనెక్షన్ తీసేయమని అర్జీ పెట్టాను. అప్పుడు మొదలయింది మర్యాద. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, ఆదివారం కూడా ఒకరు. ఎందుకు వెళ్తున్నారు సార్, ఏం లోటు జరిగింది సార్. మొదట రెండు నెలలు ఉచితమన్నారు. కాదంటే వేగం పెంచుతామన్నారు. చివరికి ఎదురింటి పిల్లోడి రేటుకంటే కూడా తగ్గించారు. పెళ్లిలో అలక పాన్పు ఎక్కిన అల్లుడికి కూడా ఇన్ని బేరాలు రావు. "ఇన్నాళ్లు ఈ రేటు యాడ దాచిపెట్టినారు నాయనా?" అన్నాను. "డిస్‌కనెక్షన్ పెట్టినవాళ్లకే మా సిస్టంలో కనిపిస్తుంది సార్" అన్నాడు, చాలా నిజాయితీగా. అంటే నోరు మూసుకుని కట్టేవాడి పేరు పక్కన ఆ రేటు కనబడనే కనబడదన్నమాట. ఆ మాటతో ఉండాలన్న కోరిక పూర్తిగా పోయింది.

కొత్త కంపెనీ కుర్రాడు మరుసటి రోజే వచ్చాడు. పనిమంతుడు, ఒప్పుకోవాలి. ప్రహరీ గోడ మీద పెట్టె తెరిచి, తీగ పైతోలు ఒలిచి, లోపలి పోగును స్పిరిట్‌తో తుడిచాడు. ఆ గాజు మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు పోయే దారి 9 మైక్రాన్లే. కట్టరులో పెట్టి టిక్కుమని తెంచి, రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెట్టాడు. చిన్న తెరమీద అవి రెండు కొయ్యదుంగల్లా కనబడ్డాయి. వాటంతటవే జరిగి దగ్గరయ్యాయి, చిన్న మెరుపు, అతుకు ఎక్కడుందో తెలియలేదు. పైన గొట్టం తొడిగి వేడిచేసి, లోపలికొచ్చి డబ్బా పెట్టాడు. ఎర్రగా వెలిగిన 'లాస్' దీపం ఆరిపోయింది. అరగంట పట్టలేదు. మా లైన్‌మన్ చూస్తే దండం పెట్టేవాడు.

"పాత వైరు తీసెయ్యి నాయనా" అన్నాను. "అది మాది కాదు సార్, వాళ్లు తీయాల." వాళ్లనడిగితే రూటరు మాత్రం పట్టుకుపోయారు. తీగ తీసే డిపార్ట్‌మెంటు లేదట. ఇప్పుడు మా వీధి స్తంభం మీద బతికున్న తీగల కంటే చచ్చినవే ఎక్కువ. కపిలతీర్థం వైపు నుంచి వచ్చే కోతులకు మాత్రం ఏ కంపెనీ అయినా ఒకటే. అన్నిటి మీదా ఊగుతాయి.

ఇంకో నష్టం. సెల్లుకైతే 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకునే హక్కు ఉంది. ఇంటి ఫోనుకు ఆ భాగ్యం లేదు. 0877తో మొదలయ్యే మా నంబరు, మా పిల్లలిద్దరి పెళ్లిపత్రికల మీద అచ్చయిన నంబరు, డబ్బాతో పాటే పోయింది. నా దగ్గర చదువుకున్న పాత విద్యార్థి ఎవడైనా దానికి చేస్తే ఇక అంతే సంగతులు.

వేగం లేదని ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు ఇవ్వాలనీ, అక్కడ తేలకపోతే అప్పీలుకు వెళ్లొచ్చనీ ట్రాయ్ 2012లోనే నిబంధన పెట్టింది. బాగుంది. కానీ "నేను పాతవాణ్ని, అందుకే నాకెక్కువ రేటు" అనే ఫిర్యాదు ఏ నంబరు కింద రాసుకుంటారు? అది వాళ్ల దృష్టిలో తప్పే కాదు, వ్యాపారం. మా పిల్లలు కూడా అదే అంటారు. "నాన్నా, ఏడాదికోసారి మారుస్తూ ఉండాలి, లాయల్టీ అంటూ కూర్చుంటే నష్టపోతాం" అని. నమ్మకంగా ఉండటం నష్టమని పిల్లలకు నేర్పడానికి ఇంత గాజుతీగ లాగాలా?

నేను అడిగేది పెద్దదేం కాదు. గొడుగు కింద పంచే ఆ కరపత్రం మీద రెండు వరసలు వేయమనండి. కొత్తవాడికి ఇంత, ఏళ్లుగా కట్టేవాడికి ఇంత. ఆ రెండో అంకె నలుగురికీ కనబడేట్టు అచ్చువేసే ధైర్యం వాళ్లకు వచ్చేదాకా, నేనింక ఏ కంపెనీలోనూ పాతబడదలచుకోలేదు.