ఒకే గేదె, పదకొండు ఊళ్ళు

మీరు నా మనిషి కాబట్టి చెబుతున్నాను, ఇంకెవరి దగ్గరా అనకండి. జీవితంలో ఒక ఏడాది పాటు నేను వ్యూహకర్తగా బతికాను. చాణక్యుడికి పిలక ఉండేది, నాకు ల్యాప్‌టాప్ ఉండేది. అంతకుమించి మా ఇద్దరికీ తేడా లేదని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి.

నేను పనిచేసేది పల్నాడు వైపు ఒక సహకార డెయిరీలో. పేరెందుకు లెండి, జరిగిన దాంట్లో దాని తప్పేమీ లేదు. ఇరవై ఏళ్ళ కింద ల్యాబ్‌లో చేరి, పాలలో గంధకామ్లం పోసి వెన్న శాతం చూస్తూ, చొక్కాలన్నిటికీ జల్లెడలా చిల్లులు పెట్టుకుని, మెల్లగా మేనేజర్ కుర్చీ దాకా వచ్చినవాణ్ణి. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. హైదరాబాద్‌లో మూడు రోజుల శిక్షణకు పంపారు.

ఏసీ హాలు, మెత్తటి కుర్చీలు, గంటగంటకీ బిస్కెట్లు. 1992లో కాప్లాన్, నార్టన్ అనే ఇద్దరు అమెరికన్లు బ్యాలెన్స్‌డ్ స్కోర్‌కార్డ్ అనే పద్ధతి చెప్పారట. సంస్థ ఎలా నడుస్తోందో ఒక్క లాభనష్టాల లెక్క చూస్తే తెలియదు, ఆ లెక్క గడిచిపోయిన సంగతే చెబుతుంది. డబ్బుతోపాటు ఖాతాదారు, లోపలి పనితీరు, మనవాళ్ళు కొత్తగా నేర్చుకుంటున్నది, ఈ నాలుగూ కలిపి చూడాలి. అనుకున్న వ్యూహానికి ఏవి ముఖ్యమో అవే కొన్ని కొలతలు ఎంచుకుని, వాటి మీద కన్నేసి ఉంచాలి. ఎంత మంచి మాట! ఇందులో ‘కొన్ని’ అన్న ముక్క చెప్పేటప్పుడు నేను బిస్కెట్లకు వెళ్ళి ఉంటాను.

తిరిగొచ్చాక వారం రోజులు కూర్చుని 42 కొలతలు తయారుచేశాను. 42 ఎందుకంటే ఏ-త్రీ కాగితం మీద అన్నే పట్టాయి. ‘మూడేళ్ళలో పాల సేకరణ రెట్టింపు’ అన్నది లక్ష్యం. రెట్టింపే ఎందుకని అడక్కండి. ‘ఒకటిన్నర రెట్లు’ అంటే చప్పట్లు కొట్టరు. ఆ కాగితాన్ని రంగుల్లో ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, పాలకేంద్రానికొకటి చొప్పున 200 కేంద్రాలకూ పంపాను. అవి గోడలకు ఎక్కాయనే అనుకున్నాను. ఒక ఊళ్ళో దాన్ని పాల క్యాన్ మీద మూతగా వాడుతున్నారని తర్వాత తెలిసింది. నిజాయితీగా ఒప్పుకోవాలంటే, నా వ్యూహంలో పాలకు నేరుగా పనికొచ్చిన భాగం అదొక్కటే.

నా గదిలో గోడకు పెద్ద స్క్రీన్ పెట్టించాను. ప్రతి కొలతకూ ఎరుపు, పసుపు, పచ్చ దీపాలు. మా సూపర్‌వైజర్లు ఏడుగురు. అంతకుముందు పొద్దున్నే బండేసుకుని రూటు మీద పోయి, ఎక్కడ మిషన్ మొరాయించింది, ఎవరి బిల్లు ఆగింది, ఎవరి గేదె ఈనింది చూసుకుని వచ్చేవాళ్ళు. ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ ముందేసుకుని 42 గళ్ళు నింపాలి. “సార్, రైతుతో మాట్లాడే టైమంతా రైతుతో మాట్లాడామని రాయడానికే పోతోంది” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. “డేటా అండీ, డేటా!” అన్నాను నేను. ఆ మాటకు అర్థమేమిటో ఆయనా అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

వ్యూహం మొదలుపెట్టింది అక్టోబరులో. నవంబరులో పాలు పెరిగాయి. డిసెంబరులో ఇంకా పెరిగాయి. సంక్రాంతికి పొంగిపొర్లాయి. పాలకంటే ఎక్కువ నేను పొంగాను. ఛైర్మన్ గారికి ఫోన్ చేసి “స్ట్రాటజీ పనిచేస్తోందండీ” అన్నాను. ఆయన పెద్దమనిషి, “సంతోషం” అని ఊరుకున్నారు. మా గేదెలు ఎక్కువగా వానాకాలం చివర నుంచి ఈనడం మొదలుపెడతాయని, చలికాలంలో పాలు పెరగడం సృష్టి పుట్టినప్పట్నుంచీ ఉన్నదేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, గేదెలకూ తెలుసు. చూసుకోవాల్సింది నిరుటి డిసెంబరుకీ ఈ డిసెంబరుకీ తేడా. నేను సెప్టెంబరుకీ డిసెంబరుకీ తేడా చూసి మీసం మెలేశాను. మే నెలలో తగ్గినప్పుడు మాత్రం “ఎండలు మండిపోతున్నాయి కదండీ” అన్నాను. చలికాలంలో పెరిగితే నా వ్యూహం, వేసవిలో తగ్గితే దేవుడి ఎండ. ఈ రకం లెక్క మీరెప్పుడూ వెయ్యలేదంటే నేను నమ్మను.

ఈ పిచ్చి ఇంటిదాకా పాకింది. రోజుకు పదివేల అడుగులు నడవాలని ఫోన్లో లక్ష్యం పెట్టుకున్నాను. ఆ పదివేలు ఏ వైద్యుడో కొలిచి చెప్పినవి కావు. 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముతూ దానికి ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది, ఆ పేరే ప్రపంచానికి లక్ష్యమై కూర్చుంది. ఆ సంగతి అప్పట్లో నాకు తెలియదు. రాత్రి ఏడువేల దగ్గర ఆగిపోతే నిద్ర పట్టేది కాదు. అందుకని క్రికెట్ ఆడటానికి పోతున్న మా వాడి జేబులో నా ఫోన్ వేసి పంపేవాణ్ణి. వాడు బౌలర్. ఆ నెల నా ఆరోగ్యం అద్భుతంగా ఉంది.

నన్ను నేనే ఇంత సుఖంగా మోసం చేసుకుంటున్నప్పుడు, ఏడుగురు సూపర్‌వైజర్లు నన్ను మోసం చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

వాళ్ళను అనడానికి లేదు. ‘రైతు సందర్శనలు’ అని ఒక గడి, దానికి గేదెతో సహా ఫోటో తప్పనిసరి. నెలకు ఇన్నని లక్ష్యం. ఫోటోలు వచ్చాయి. దీపం పచ్చగా వెలిగింది. ‘కేంద్రంలో వెన్న కొలిచే మిషన్ ఉందా?’ అని ఇంకో గడి. ‘ఉంది’ అని 200 కేంద్రాల నుంచీ వచ్చింది. పచ్చ. పసుపులో మిగిలిన రెండు మూడింటి సంగతి చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ చెప్పేస్తాను. మహాజన సభకు నాలుగు రోజుల ముందు రాత్రి, తలుపు దగ్గరకు వేసి, ‘90 శాతం దాటితే పచ్చ’ అన్నచోట 80 అని కొట్టాను. ఒక్క నొక్కుతో సంస్థ బాగుపడిపోయింది. మా ఆఫీసు గోడ చూస్తే ఏప్రిల్లోనూ కోనసీమలో ఉన్నట్టుండేది.

సెప్టెంబరులో మహాజన సభ. షామియానా, వెయ్యి కుర్చీలు, వెనకాల పులిహోర పొట్లాలు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మైకు, తెర మీద నా పచ్చదీపాలు. “మన సూపర్‌వైజర్లు ఈ ఏడాది ఎన్ని గడపలు తొక్కారో మీరే చూడండి!” అని ఫోటోలు తిప్పడం మొదలుపెట్టాను. ఒక ఊరి ఫోటో, ఒక గేదె, పక్కన సూపర్‌వైజరు. ఇంకో ఊరి ఫోటో, ఇంకో గేదె, పక్కన సూపర్‌వైజరు. నాలుగో ఫోటో దగ్గర మూడో వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది.

“నాయనా, ఆ బొమ్మ ఒకసారి వెనక్కి తిప్పు.”

తిప్పాను.

“ఎడం కొమ్ము సగానికి విరిగింది చూడు. నొసట తెల్లచుక్క. అది మా బర్రె.”

“చాలా సంతోషం పెద్దమ్మా” అన్నాను.

“సంతోషం సరేలే. కింద వేరే ఊరి పేరు రాసుండావే? ఇప్పుడు ముందుకు తిప్పు.”

తిప్పాను. ఆ చెయ్యి విరిగిపోయినా బాగుండేది, తిప్పాను. ఇంకో ఊరు, అదే కొమ్ము. తిప్పాను, ఇంకో ఊరు, అదే చుక్క. వెనకనుంచి ఎవరో “ఐదు” అన్నారు, కుర్రాళ్ళంతా అందుకున్నారు, ఆపుదామని నొక్కితే అది ఆగకుండా దానంతటదే తిరగడం మొదలైంది, ఆరు, ఏడు, గేదె ఊరూరా తిరుగుతోంది, ఎనిమిది, సూపర్‌వైజరు చొక్కా కూడా మారలేదు, తొమ్మిది, పాలకవర్గం వాళ్ళు నేల చూస్తున్నారు, పది, నా చెమటకు మైకు షాక్ కొడుతుందేమోనని భయం, పదకొండు! వెయ్యిమంది చప్పట్లు. నా ఉద్యోగంలో నాకు దక్కిన అతిపెద్ద చప్పట్లు అవే.

ఆవిడ నవ్వలేదు. “మా బర్రె ఇంటి ముందు కొట్టం దాటి ఎరగదు నాయనా. అది పదకొండు ఊళ్ళు తిరిగొచ్చింది గానీ మా ఊళ్ళో వెన్న మిషన్ మూడు నెలల నుంచి పలకడం లేదు, దాన్ని చూడ్డానికి ఒక్కడూ రాలా” అని కూర్చుంది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి ఆ ఊరికి పోయాను. మిషన్ ఉంది. శుభ్రంగా తుడిచి, బొట్టు పెట్టి, బల్ల మీద ఉంది. నేనడిగింది ‘ఉందా?’ అని కదా, ‘పనిచేస్తోందా?’ అని కాదు కదా! బ్యాటరీ చచ్చిపోయింది. పొద్దున పాలు పోసే వేళకు కరెంటు ఉండదు. సెక్రటరీ కుర్రాడు పాల రంగు చూసి, మనిషి మొహం చూసి, అందరికీ ఆరు శాతం వెన్న అని రాసేస్తున్నాడు. చిక్కటి పాలు పోసేవాడికీ ఆరే, పల్చటి పాలు పోసేవాడికీ ఆరే. చిక్కటి పాలవాళ్ళు ఊరుకుంటారా? రోడ్డు మీదికొచ్చే ప్రైవేటు బండికి పోసేశారు. పల్చటి పాలు మాత్రం మన మీద అభిమానంతో మనకే వస్తున్నాయి. నిరుటి సెప్టెంబరుతో పోల్చి చూసుకుంటే ఆ రూటంతా పాలు తగ్గాయి. ఆ బ్యాటరీ ఖరీదు నా లామినేషన్ బిల్లు ముందు ఒక మూలకు రాదు.

అక్కడ పాల క్యాన్ పక్కన నిలబడ్డప్పుడు నా బుర్ర మీద నేనే మొట్టుకున్నాను. ఎందుకంటే ఈ మోసం నాకు కొత్త కాదు, నా మొదటి ఉద్యోగమే దీన్ని పట్టుకోవడం. లాక్టోమీటరు పాల సాంద్రత ఒక్కటే చూస్తుంది. నీళ్ళు కలిపితే సాంద్రత తగ్గి మీటరు కిందికి దిగుతుంది, దొరికిపోతారు. కానీ తెలివైనవాడు ముందు మీగడ తీస్తాడు, సాంద్రత పెరుగుతుంది. అప్పుడు నీళ్ళు కలుపుతాడు, సాంద్రత మళ్ళీ మామూలుకొస్తుంది. మీగడా వాడికే, నీళ్ళూ మనకే, మీటరు మాత్రం పచ్చదీపం! అందుకే సాంద్రతతోపాటు వెన్న కూడా చూడాలి. 1890లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో బాబ్‌కాక్ అనే ఆయన గంధకామ్లంతో వెన్న కొలిచే తేలిక పద్ధతి కనిపెట్టి, పేటెంటు కూడా తీసుకోకుండా లోకానికి వదిలేశాడు. పాలను కొలత మీద కాకుండా వెన్న మీద కొనడం ఎక్కడివాడికైనా చేతనయ్యింది. నీళ్ళు కలపడంలో లాభం పోయింది.

ఒక్క మీటరును నమ్మితే పాలు మోసం చేస్తాయని ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో చెప్పినవాణ్ణి, మనుషుల దగ్గరకొచ్చేసరికి ఒక్క ఫోటోను నమ్మాను. 1975లో గుడ్‌హార్ట్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త బ్యాంకుల సంగతి మాట్లాడుతూ ఇలాంటి మాటే అన్నాడు. దేన్నైనా పట్టుకుని అదుపు చెయ్యబోతే అది కొలతగా పనికిరాకుండా పోతుందని. ఆయన పేరు శిక్షణలో చెప్పే ఉంటారు. బిస్కెట్లు.

ఛైర్మన్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. “ఇక నుంచి ఆ తెర బదులు మీరే ఒకసారి తిరిగి రండి” అన్నారు. 42 కొలతలు ఐదయ్యాయి. ఎన్ని లీటర్లు వచ్చాయో చూస్తే, నిరుటి అదే నెలతో పోల్చి చూస్తాం, ఎంతమంది పోస్తున్నారో కూడా పక్కనే చూస్తాం. దేన్నీ ఒంటరిగా నమ్మం, లాక్టోమీటరు పక్కన వెన్న మిషన్‌లాగా. ఫోటోలు లేవు. ఎరుపు దీపం వెలిగితే “ఎందుకు?” అని అడగడం మానేసి “ఏం కావాలి?” అని అడగడం నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఎర్రదీపాలు ధైర్యంగా బయటికొస్తున్నాయి. సూపర్‌వైజర్లను ఎవరినీ ఏమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటాను, 90ని 80 చేసిన వేలు నాదే కదా! నెలకు నాలుగు రోజులు నేనే తెల్లవారుజామున కేంద్రాల దగ్గర నిలబడతాను. ఆ పెద్దావిడ కనిపిస్తే “ఏం నాయనా, ఇవాళ ఏ ఊరు పోతోంది మా బర్రె?” అంటుంది.

బుద్ధొచ్చిందా అంటే, ఆఫీసులో వచ్చింది. ఇంట్లో సంగతి మీకు చెప్పాను కదా, దాచడమెందుకు. నిన్న నా ఫోన్ 9,400 అడుగులు చూపించింది. అందులో సగం మా వాడి బౌలింగ్.