రబ్బరుతో రుద్దినందుకు మూడొందలా?

కోటగిరిలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టాలనుకుంటున్న నిరుద్యోగ యువకుడా! నీకు ముందుగా కావలసింది స్క్రూడ్రైవర్ల సెట్టు కాదు, బ్లోయరు కాదు. గుండె. ఎంత ఉద్దెరనైనా తట్టుకునే గుండె.

గిరాకీ వస్తాడు. సంకలో సీపీయూ. "నిన్నటిదాకా మంచిగనే నడిచిందన్నా" అంటాడు. లోకంలో చెడిపోయిన ప్రతి కంప్యూటరూ నిన్నటిదాకా మంచిగనే నడిచింది! మూత విప్పితే ఏళ్ల నాటి దుమ్ము, ఎండిపోయిన బల్లి, చీమల కాపురం. ఊది, తుడిచి, ర్యామ్ బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ బిగిస్తే తెర వెలిగింది. మూడొందలన్నా. అంతే, గిరాకీకి కోపం నషాళానికి అంటుతుంది. "రబ్బరుతో రుద్దినందుకు మూడొందలా? ఏం సామాను వేసినవ్?"

సామానేమీ వేయలేదు. అదే నేరం. ర్యామ్ కాలిపోయిందని అబద్ధమాడి, కొత్తది అంటగట్టి మూడు వేలు గుంజి ఉంటే నోరెత్తకుండా కట్టేవాడు. నిజం చెబితే బేరం, అబద్ధం చెబితే దండం. ఇదెక్కడి లెక్క? డాక్టరు గుండె మీద స్టెతస్కోపు పెట్టి "ఏం లేదు, పో" అంటే ఫీజు వాపసు అడుగుతున్నామా?

ఇదే పెద్దమనిషి కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినప్పుడు చూడాలి ఆ వినయం! రెండు నొక్కమంటే రెండు నొక్కుతాడు. అరగంట సంగీతం వింటాడు. మదర్‌బోర్డు మార్చాలి, పద్దెనిమిది వేలు అంటే "జీఎస్టీ కలిపే చెప్పారా సార్?" అని అడుగుతాడు. బేరం, తిట్లు, "మనోడివే కదా" అనే చనువు... ఇవన్నీ రోడ్డు పక్క దుకాణానికే రిజర్వు.

గ్యారంటీ సంగతి సరే సరి. మార్చిలో స్పీకరు బాగుచేయించుకున్నవాడి కీబోర్డు ఆగస్టులో పోతుంది. "నువ్వు ముట్టినంకనే ఖరాబైంది." చాయ్ ఒలికిందా అని అడిగితే ముఖం పక్కకు తిప్పుతాడు. ఇంకొకాయన హార్డ్ డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే "పెండ్లి ఫొటోలన్నీ అందులనే ఉన్నయ్, ఎట్లనన్నా తియ్యి" అంటాడు. బ్యాకప్ ఉందా? "అంటే?" మూడో ఆయన లాప్‌టాప్ నీలి తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. ఖాతా పాస్‌వర్డు? "నాకేం ఎరుక? కొన్ననాడు షోరూమోడు పెట్టిండు." తాళంచెవి ఎవరికో ఇచ్చేసి, తలుపు తీయనందుకు రిపేరువాణ్ని తిట్టడం!

అమెరికాలో తీసుకున్న నిర్ణయాలకు కూడా సంజాయిషీ ఇక్కడే చెప్పుకోవాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. నిక్షేపంలా నడిచే యంత్రాన్ని చెత్తకుప్పకు పొమ్మన్నది కంపెనీ. "కొత్తది కొనిపించి కమీషన్ కొట్టేస్తున్నవా?" అనిపించుకునేది కోటగిరి కుర్రాడు. ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. బ్యాటరీని జిగురుతో పట్టిస్తారు. విప్పినందుకు వారంటీ పాయె అంటారు. ఇదంతా మన మేలుకేనట!

సర్కారు చూస్తూ ఊరుకుందా? అబ్బే. 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కేంద్రం కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ తెరిచింది. చప్పట్లు! అందులో కంపెనీల కస్టమర్ కేర్ వివరాలున్నాయి. అంటే మళ్లీ రెండు నొక్కడమే. యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు మీద చట్టమే తెచ్చింది. మన చిన్న దుకాణానికి సర్క్యూట్ నక్షా, అసలు విడిభాగం ఇచ్చి తీరాలనే చట్టం ఏదీ? అప్పటిదాకా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు ఫోన్ కొట్టి, పార్సిల్ కోసం బస్సు దారి చూడాల్సిందే.

ఇక అసలు గిరాకీ, సర్కారీ గిరాకీ. కోటగిరి అనే కాదు, ఏ మండల కేంద్రానికైనా వెళ్లండి. కొత్త కంప్యూటర్లు కొనడానికి నిధులుంటాయి. రిబ్బనుంటుంది, ఫొటో ఉంటుంది. రిపేరుకు రిబ్బను కత్తిరించే నాయకుణ్ని ఎక్కడైనా చూశారా? భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మార్చడానికి ఉన్న తొందర, అరిగిన కీబోర్డు మార్చడానికి ఉండదు. ప్రింటర్ ఆగితే మాత్రం ఫోన్ ఉరుముతుంది. "తమ్మీ, కలెక్టర్ సార్ వీడియో కాన్ఫరెన్సు ఉంది, పది నిమిషాల్లో ఉండాలె." పది నిమిషాల్లో ఉంటాడు. బిల్లు? "బడ్జెట్ రాలే తమ్మీ." దసరా పోయింది, సంక్రాంతి పోయింది. సారు బదిలీ అయ్యారు. కొత్త సారు "నేను చెప్పలేదు కదా" అన్నారు. అసలు ఈ ఊరి సంగతే చూడండి. మండలం నిజామాబాద్ జిల్లాలో, డివిజన్ బోధన్, అసెంబ్లీ నియోజకవర్గమేమో కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ. కాగితం తప్పిపోవడానికి ఇన్ని దారులు ఇంకెక్కడ దొరుకుతాయి?

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకు 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ కార్యాలయానికీ మినహాయింపు లేదు. మరి ఫిర్యాదు చెయ్యొచ్చు కదా? చెయ్యొచ్చు. మర్నాడే ట్రేడ్ లైసెన్సు ఏదని, దుకాణం బోర్డు రోడ్డు మీదికి ఎన్ని అంగుళాలు జరిగిందని కొలతటేపు దిగుతుంది.

కనుక సార్లూ, డిజిటల్ ఇండియా మీద తర్వాత ప్రసంగించండి. ముందు ఆ ప్రింటర్ బిల్లు మీద సంతకం పెట్టండి. పాఠకులారా, మీరు కూడా నవ్వింది చాలు. రేపు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లేముందు పాస్‌వర్డు గుర్తుతెచ్చుకోండి. పోయినసారి "మళ్లొచ్చినప్పుడు ఇస్తా" అన్న రెండొందలు కూడా.