బార్‌కోడు సరే, బీరువా తాళం ఎక్కడ?

గ్రంథాలయ సిబ్బందికి నైపుణ్యం లేదట. ఈ సంగతి కనిపెట్టినవారికి మాత్రం దండిగా ఉంది. కనిపెట్టిందే తడవు జిల్లా కేంద్రంలో ఏసీ హాలు మాట్లాడి, గుమ్మం కంటే వెడల్పయిన ఫ్లెక్సీ కొట్టించి, ఒక రోజు శిక్షణ శిబిరం పెట్టేస్తారు. జ్యోతి ప్రజ్వలన పది గంటలకంటే పదకొండున్నరకు. ముఖ్య అతిథి 'పుస్తకం హస్తభూషణం' దగ్గర ఎత్తుకుని, తాను వీధి దీపం కింద చదువుకున్న వైనం దాకా వచ్చేసరికి భోజనాల వేళ. మిగిలిన గంటన్నరలో బార్‌కోడు, ఆర్‌ఎఫ్‌ఐడీ, క్లౌడు, కృత్రిమ మేధ. అన్నీ ఇంగ్లిషు స్లైడుల మీద, వెనక వరసకు చీమల బారుల్లా కనిపించే అక్షరాల్లో.

ఇంతకీ శిక్షణకు వచ్చిందెవరు? మూడు శాఖలకు ఇన్‌చార్జిగా ఉన్న ఒక గ్రేడ్-3 లైబ్రేరియన్. ఆయన ఇక్కడ కూర్చున్నారంటే అక్కడ మూడు గ్రంథాలయాలకూ తాళం పడ్డట్టే. పక్కన ఔట్‌సోర్సింగు కుర్రాడు. జీతం ఎప్పుడొస్తుందో తెలియదు గానీ క్లౌడులో ఎంత జాగా ఉంటుందో ఇవాళ తెలిసింది. మిగతా కుర్చీలు రిటైరైపోయినవాళ్లవి. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు కనుక వాళ్లకు శిక్షణ అక్కర్లేదు. సాఫ్ట్‌వేరు మాత్రం క్యాటలాగు చేసేవారికి ఒకటి, పుస్తకాలు ఇచ్చేవారికి ఒకటి, అజమాయిషీకి ఒకటి, విడివిడిగా లాగిన్లు అడుగుతుంది. మూడూ మన ఇన్‌చార్జి గారివే. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగానికి పాస్‌వర్డు మాత్రం వచ్చేసింది.

సరే, పరికరాల సంగతికి వద్దాం. శాఖా గ్రంథాలయంలో కంప్యూటరు ఉంది. ప్లాస్టిక్ ముసుగు వేసుకుని, నుదుట దసరా ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు పెట్టుకుని, ముత్తైదువలా కూర్చుని ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీ కాలం చేసింది. పుస్తకాలకు బార్‌కోడ్లు అంటించమని పై నుంచి ఉత్తర్వు. అంటిస్తారు, ఎందుకంటించరు? బీరువా తెరవగలిగితే. పుస్తకం పోతే ఆ సొమ్ము లైబ్రేరియన్ జేబులోంచి రాబడతారన్న భయం తరాలుగా ఈ ఉద్యోగాన్ని అంటిపెట్టుకుని ఉంది. అందుకని మంచి పుస్తకాలన్నీ అద్దాల వెనక యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాయి. పాఠకుడి సమయం ఆదా చెయ్యమని 1931లోనే సూత్రం రాసిపెట్టారు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు. మనవాళ్లు పాటిస్తూనే ఉన్నారు: పుస్తకమే ఇవ్వకపోతే చదివే సమయమంతా ఆదాయే కదా.

సాఫ్ట్‌వేరుకు డబ్బుల్లేవనడానికి కూడా లేదు. ఎన్‌ఐసీ తయారుచేసిన ఇ-గ్రంథాలయ ప్రభుత్వ గ్రంథాలయాలకు ఉచితం. కోహా ప్రపంచమంతటికీ ఉచితం. ఈ కోహా పుట్టుక కథ మన శిబిరాల్లో ఎవరూ చెప్పరు. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ ట్రస్టుది ఆ కథ. వాళ్ల పాత సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం గడప దాటేలా లేదు. 1999లో ప్రోగ్రాములు రాసేవాళ్లను కూర్చోబెట్టుకుని, మాకు కావలసింది ఇదీ అని లైబ్రరీవాళ్లు చెప్పారు, వాళ్లు రాశారు, 2000 జనవరిలో వాడకం మొదలైంది. ఆ తర్వాత అందరినీ వాడుకోమని వదిలేశారు. అక్కడ లైబ్రరీ చెప్పింది, కంప్యూటరు విన్నది. ఇక్కడ సర్క్యులర్ చెబుతుంది, లైబ్రరీ సంతకం పెడుతుంది.

అయితే ఎంత ఉచిత సాఫ్ట్‌వేరైనా పుస్తకాల పేర్లు దానంతటది కొట్టుకోదు. అసలు తమాషా అక్కడే ఉంది. మనది తెలుగు గ్రంథాలయం, పుస్తకాలు తెలుగువి, పాఠకుడు తెలుగువాడు. క్యాటలాగు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో. పోనీ ఆ ఇంగ్లిషైనా ఒకటా? 'వేయిపడగలు'ను ఒక ఆపరేటరు రెండు ముక్కలు చేశాడు, ఇంకొకాయన కలిపి కొట్టాడు, మరొకరు 'డ' దగ్గర ఒక హెచ్ ఎక్కువ తగిలించారు. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండు దాక్కుంటాయి. తెలుగులో కొట్టినచోటా సుఖం లేదు. చాలాకాలం అను ఫాంట్లలో కొట్టారు. ప్రింటు తీస్తే ముత్యాల్లాంటి తెలుగు. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ప్రశ్నార్థకాలూ డాలరు గుర్తులూ. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికి మూడు దశాబ్దాలు దాటింది. అందులో టైపు చేయడం నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. కానీ ఆ మధ్యాహ్నం డ్రోన్లతో పుస్తకాల పంపిణీ గురించిన స్లైడుకు కేటాయించారు.

ఇక రచయిత పేరు. ఫారంలో 'ఫస్ట్ నేమ్' ఒక గడి, 'లాస్ట్ నేమ్' ఒక గడి. విశ్వనాథ సత్యనారాయణ గారిది ఏది ముందు, ఏది వెనక? మన ఇంటిపేరు ముందొస్తుందని ఆ గడికి తెలియదు, రోజుకిన్ని పుస్తకాలని లెక్కగట్టి కాంట్రాక్టుకు కొట్టే కుర్రాడికి పట్టదు. పర్యవసానంగా ఆయన వెళ్లి రాష్ట్రంలోని సత్యనారాయణలందరి గుంపులో నిలబడతారు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఇద్దరు వేర్వేరు మనుషులై వేర్వేరు తెరల మీద బతుకుతుంటారు. గుడిపాటి వెంకటచలానికీ చలానికీ అసలు పరిచయమే ఉండదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి మహోపకారమే చేసింది. కానీ పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఎంత ఛిద్రం చేసి పెట్టిందంటే, ఏ ఫైలు ఏ పుస్తకమో తేల్చడానికి భాషాభిమానులు సొంతంగా పట్టికలు కట్టుకోవలసి వచ్చింది. కోట్ల పేజీలను స్కాన్ చేసే యంత్రాలు దొరికాయి. అట్ట మీది పేరు చదివి సరిగా రాసే మనిషి మాత్రం బడ్జెట్టులో పట్టలేదు.

ఆ మనిషి నిజానికి లోపలే ఉన్నాడు. సైకిలు స్టాండు పక్కన కూర్చునే పాత రికార్డు అసిస్టెంటును అడగండి: "చలం 'మైదానం' మూడో బీరువాలో కింది అర, మధ్యలో నాలుగు పేజీలు లేవు, ఫరవాలేదా బాబూ?" అంటాడు. లోపాలతో సహా చెప్పే సెర్చ్ ఇంజను ఇంకెక్కడుంది? కానీ ఆయనకు సర్టిఫికెట్ లేదు.

పాఠకులు అడుగుతున్న సాంకేతికత ఏమిటో ఈ శిబిరాల్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇవాళ ఏ పట్టణ గ్రంథాలయంలోనైనా సగం జనం గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబులు ఉద్యోగానికో చదివే పిల్లలే. వాళ్లకు రోబో వద్దు. ప్లగ్ పాయింటు కావాలి, తిరిగే ఫ్యాను కావాలి, ఆడపిల్లలకు తలుపు గడియపడే మరుగుదొడ్డి కావాలి. నోటిఫికేషను పడ్డ రోజు చూడండి: దరఖాస్తు నింపడం, ఫొటో సైజు తగ్గించడం, హాల్ టికెట్టు తియ్యడం అన్నీ లైబ్రేరియన్ గారి సొంత ఫోను మీద, సొంత డేటా మీద. రాష్ట్రంలో నిజంగా పనిచేస్తున్న డిజిటల్ లైబ్రరీ ఏదంటే, ఆయన జేబులోని హాట్‌స్పాటే. దాన్ని ప్రారంభించడానికి మంత్రిగారు రాలేదు కనుక లెక్కలోకి రాదు.

1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద ఊరూరికీ తిప్పారు. ఆ రోజులకు అదే పెద్ద సాంకేతికత. ఇవాళైతే ముందు పడవకు టెండరు, ఆపైన తెడ్డుకు విడిగా టెండరు, సరంగుకు నైపుణ్య ధ్రువపత్రం, ప్రతి రేవులోనూ ముఖ హాజరు. ఈలోగా కాలువకు నీళ్లు ఆపేస్తారు.

డబ్బు మాటెత్తితే అందరూ కప్పు వైపు చూస్తారు. చూడనివ్వండి, కారేది ఎక్కడో కనిపిస్తుంది. కానీ డబ్బు లేకపోవడమేమిటి? 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిపే వసూలు చేస్తున్నారు. చదివేవాడూ కడుతున్నాడు, చదవనివాడూ కడుతున్నాడు. ఫోనులో రెండు మీటలు నొక్కితే క్షణంలో మన ఖాతాలోంచి పోతుంది, రసీదు కూడా వస్తుంది. సర్వరు డౌనన్న మాటే ఉండదు. ఆ వేగమంతా పురపాలక సంఘం గుమ్మం వరకే. అక్కణ్ణుంచి జిల్లా గ్రంథాలయ సంస్థ వీధి చివరే ఉంటుంది గానీ, ఆ సొమ్ము అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. దారిలో వీధి దీపాలకో, జీతాలకో, ఇంకెవరి స్వాగత తోరణానికో దిగి ఆగిపోతుంది. సంస్థవారు ఏటా బకాయిల జాబితా రాస్తారు. సమీక్షా సమావేశంలో దాన్ని చదువుతారు. టీ తాగుతారు.

కనుక శిక్షణ ఆపమని ఎవరూ అనడం లేదు. ఈసారి పిలుపు మాత్రం లైబ్రేరియన్లకు కాదు, మునిసిపల్ కమిషనర్లకూ పంచాయతీ కార్యదర్శులకూ పంపండి. పాఠ్యాంశం ఒక్కటే: వసూలు చేసిన సెస్సును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు ఆన్‌లైనులో పంపడం ఎలా? ప్రయోగ తరగతి తప్పనిసరి, మీట నొక్కి చూపించందే భోజనం టోకెను ఇవ్వకూడదు. బోధించడానికి నిపుణులను రాజధాని నుంచి రప్పించనక్కర్లేదు. ఏ శాఖా గ్రంథాలయానికి వెళ్లినా పార్ట్‌టైము స్వీపరమ్మ ఒకావిడ ఉంటుంది. తనకు ఎన్ని నెలల జీతం రావాలో, అది ఎవరి బల్ల మీద ఆగిందో తేదీలతో సహా ఆవిడకు నోటికి వచ్చు.