కొండ ఎక్కకుండా వనభోజనం చెయ్యడం ఎలా?

జగ్గయ్యపేట, నందిగామల్లో మీరు ఏ వాకర్స్ క్లబ్బులో చేరినా సరే, కార్తీకం ఆఖరి ఆదివారంతో ఏడాది అయిపోయినట్టే. ఆ తర్వాత చలి. మంకీ టోపీ దొరక్క కొందరు, దొరికినా దుప్పటి తీయబుద్ధి కాక కొందరు సంక్రాంతి దాకా గ్రౌండు మొహం చూడరు. అందుకే కొండ నడక, వనభోజనం ఆ ఒక్కరోజే కానిచ్చేస్తారు. మొదటిదాన్ని తప్పించుకుని రెండోదాన్ని దక్కించుకోవడమెలాగో కొత్త సభ్యుల కోసం రాస్తున్నాను.

ఏ కొండ అన్న చర్చలో మొహమాటం పనికిరాదు. ఎవరో ఒకరు వేదాద్రి అంటారు. కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామి దర్శనం వరకూ తలూపండి. కొండమీద జ్వాలా నరసింహుడి దాకా అన్నారా, వెంటనే మోకాలు పట్టుకోండి. పేట పక్కనున్న ధనంబోడు మేలు. ఎత్తు తక్కువ, పేరులో ధనముంది. బౌద్ధ స్తూపం ఉంది కాబట్టి ఎక్కకపోయినా చరిత్ర గురించి మాట్లాడుకోవచ్చు. నందిగామ సభ్యులకు మాత్రం నడక కోసం దాదాపు 30 కిలోమీటర్లు కార్లో రావడం తప్పదు. టోలు కట్టి మరీ నడవడానికొచ్చామని ఏడాదంతా చెప్పుకోవచ్చు, అదీ లాభమే.

అన్నిటికంటే భద్రమైన పదవి వంట పర్యవేక్షణ. ఉసిరిచెట్టు కింద, గాడిపొయ్యికి పొగ రాని వైపు, కుర్చీ వేయించుకోండి. పప్పులో ఉప్పు చూడండి. కాసేపాగి మళ్లీ చూడండి. ఫోన్లు మాత్రం కుర్రాళ్ల జేబుల్లో పెట్టి పంపాలి. నిరుడు ఓ సభ్యుడి మనవడు మూడు ఫోన్లతో కొండంతా గెంతాడు. కుర్చీ దిగని ముగ్గురు తాతలకూ పదేసి వేల అడుగులు పడ్డాయి.

ఖర్మకాలి పైకి లాక్కుపోయారనుకోండి, ఆయాసం వచ్చిన చోటల్లా ఆగి చరిత్ర చెప్పండి. ‘‘1882లో బర్జెస్ దొర ఇక్కడ తవ్వించాడండీ’’ అని నడుం మీద చెయ్యి వేసుకోండి. అది మొదటి ఊపిరి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ ఏలుబడి ఏట సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర 5 ఆయక స్తంభాలు నిలబెట్టాడు. తండ్రి పేరు, ఊరి పేరుతో సహా శాసనం చెక్కించుకున్నాడు. ఇక్కడ రెండో ఊపిరి తీసుకుని, కింద షామియానాకు కట్టిన చందాదారుల ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించండి. ఆనవాయితీ ఎంత పాతదో అందరికీ తెలుస్తుంది. మూడో ఊపిరికి మాంధాత ఉన్నాడు. చక్రవర్తి నిలబడితే మీద నాణేలు కురుస్తుంటాయి. ఇక్కడ దొరికిన శిల్పమే. అదెక్కడుందని ఎవరూ అడక్కుండా చూసుకోండి, చెన్నై మ్యూజియంలో ఉంది. ముందొచ్చినవాళ్లు మంచివన్నీ పట్టుకుపోయారు, మనకు దిబ్బ మిగిలింది.

దిబ్బ సంగతి నాకు నిరుడు బాగా అర్థమైంది. నేనూ కొత్తలో నిజంగానే ఎక్కినవాణ్ణే. ఓ రిటైర్డ్ మాస్టారు, నేను స్తూపం చుట్టూ తిరిగి, చెప్పుల్లో పల్లేరుకాయలు ఏరుకుంటూ దిగేసరికి రెండో బంతి లేచింది. మూడో బంతిలో కూర్చున్నాం. గాలికి విస్తరాకు ఎగరకుండా మూలన గులకరాయి పెట్టుకున్నాను. అరగంటసేపు ఆకులో అదే ఉంది. తర్వాత గుత్తివంకాయలో కాయలు లేని గుజ్జు, పులిహోరలో అడుగున పడిన మిరపకాయలు, పల్లీలు వచ్చాయి. బూరెల బుట్ట పట్టుకుని ఒకాయన వస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఆయన నేరుగా మమ్మల్ని దాటుకుని కార్ల వైపు వెళ్లిపోయాడు.

‘‘బాబాయ్, బూరెలు?’’ అని కేకేశాను.

‘‘అయిపోయాయి అబ్బాయ్. ఇవి ఇంటికి కట్టినవి. అయినా నీకెందుకు బూరెలు? అంత కొండెక్కొచ్చావు, షుగరు దిగి ఉంటుంది, మళ్లీ పెంచుకుంటావా?’’

మాస్టారు మాట్లాడకుండా తన ఆకులో ఉన్న రెండు పల్లీల్లో ఒకటి నా ఆకులోకి జరిపారు.