87.5, మా కారు కేంద్రం

ఒకప్పుడు ఇంట్లో రేడియో వినాలన్నా ఏటా పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు రుసుము కట్టాలి. మా తాతగారు ఆ లైసెన్సు పుస్తకాన్ని పొలం దస్తావేజుల పక్కనే దాచుకున్నారు. ఆయన మనవణ్ణి నేను వినడం మాట అటుంచి ఏకంగా ప్రసారాలే చేస్తున్నాను. పెట్టుబడి ఆరువందల రూపాయలు.

మాది పాత కారు. బ్లూటూత్ లేదు, ఆక్స్ వైరుకి చోటూ లేదు. ఉన్నదల్లా రేడియో, సీడీలు మింగే ఓ నోరు. మా వంశంలో ఎవరికీ పనికిరాని సిగరెట్ లైటర్ సాకెట్‌లో మా ఆవిడ ఇన్నాళ్ళూ అగరుబత్తి గుచ్చేది. అది పీకి, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ దూర్చాను. పాట ఫోన్లోంచి బ్లూటూత్ మీద దాన్ని చేరుతుంది. అది బుల్లి రేడియో స్టేషనై ఆ పాటని గాల్లోకి వదులుతుంది. పక్కనే ఉన్న కారు రేడియో, అదేదో ఢిల్లీ నుంచి వస్తున్నట్టు, కప్పు మీది యాంటెన్నాతో అందుకుంటుంది. వంటింట్లోంచి హాల్లోకి రావలసిన కాఫీ వీధి చుట్టి వచ్చినట్టన్నమాట.

హైదరాబాదులో దీనికి చోటు దొరకడం కష్టం. 91.1, 92.7, 93.5, 98.3 అన్నిట్లోనూ కబుర్లే. ఇంకాస్త పైకి జరుగుదామా అంటే 101.9లో రెయిన్‌బో, 102.8లో వివిధ భారతి. ఎల్బీనగర్ దాటేదాకా నా పాట చరణాల మధ్య ఎవరో ఒకరు నగల తరుగు గురించి చెబుతూనే ఉంటారు. వెనకటి మీడియం వేవ్‌లో రాత్రిళ్ళు రెండు స్టేషన్లు తగులుకుంటే రెండూ వినిపించేవి, నాటకం మధ్యలో ఎవరిదో వేరే భాష వార్తలు. ఎఫ్ఎం అలా కాదు. 1933లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికా ఇంజనీరు పేటెంటు పుచ్చుకున్న ఈ పద్ధతిలో, ఒకే అంకె మీద ఇద్దరు తారసపడితే బలమైన వాడే వినపడతాడు, రెండోవాడు నోరు మూసుకుంటాడు. దీన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారు. మా ఇంట్లో పెళ్ళిమాటలు జరిగేదీ ఈ పద్ధతిలోనే.

చౌటుప్పల్ దాటాక సిటీ స్టేషన్లు ఒక్కొక్కటే సన్నబడతాయి. ట్రాన్స్‌మిటర్ ప్రతాపం చూడాలంటే అక్కడ చూడాలి. కాకపోతే దాన్నుంచే ఫోన్ ఛార్జింగు పెడితే ఇంజను కూడా గొంతు కలుపుతుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పాట వెనక ఈల పెరుగుతుంది. ఘంటసాలగారికి ఆల్టర్నేటర్ వాద్య సహకారం!

అసలు గొడవంతా 87.5తోటి. చాలా ట్రాన్స్‌మిటర్లు పెట్టెలోంచి రావడమే ఆ అంకె మీద వస్తాయి. కొన్నవాళ్ళు దాన్ని ముట్టుకోరు. అటూ ఇటూ వెతికి, మేమూ మళ్ళీ దానికే వచ్చాం.

విజయవాడ వెళ్తూ కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర వరసలో ఆగాం. ఉన్నట్టుండి మా పాట పోయి గజేంద్రమోక్షం ప్రవచనం అందుకుంది. వెనక సీట్లో మా అత్తగారు చేతులు జోడించారు. పక్క వరసలో తెల్లకారాయన సరిగ్గా ఆ మాటలకే తలాడిస్తున్నాడు. ఇంతలో మా వరస రెండడుగులు కదిలింది. ఈసారి బలం మాది. ఆ ముహూర్తానే మా అక్కయ్య ఫోను, కూతురి సంబంధం గురించి. ఈ ట్రాన్స్‌మిటర్ ఫోన్ కబుర్లని కూడా రేడియోలోనే వినిపిస్తుంది.

"ఒరేయ్, పొలం ఉన్న మాట నిజమేరా. కానీ అందులో రెండెకరాలు బాబాయి కొడుకులతో కేసులో ఉందట. అబ్బాయికి ముందువైపు జుట్టు కూడా కాస్త..."

గజేంద్రుడి దగ్గరికి శ్రీహరి ఇంకా రానేలేదు, తెల్లకారు అద్దం దిగింది.

"కేసు ఏ కోర్టులో నడుస్తోందండీ? మా తమ్ముడు ప్లీడరు."

"వదినా, మళ్ళీ చేస్తాం," అంటూ మా ఆవిడ ఫోన్ లాక్కుంది. ఫాస్టాగ్ పుణ్యమా అని గేటు వెంటనే లేచింది గాని, లేకపోతే ఆయన వకాల్తా కూడా పుచ్చుకునేవాడు.

కనక ఈ వస్తువు కొన్నవాళ్ళకి నా మనవి. పెట్టె విప్పగానే ముందు ఆ 87.5 మార్చండి. సంబంధాల కబుర్లు బండి ఆపి, దిగి మాట్లాడుకోండి. మేమిప్పుడు 89.3కి కాపురం మార్చాం. దయచేసి మీరు అటు రాకండి.