కాటాకు పాసుబుక్కు లేదు

నాకు ఎవరిమీదా పగ లేదు, ఒక్క కాటామీద తప్ప.

సంక్రాంతికి ప్రత్తిపాడు పొలం నుంచి తొలి కోత మిరపకాయలొచ్చాయి. వసారా నిండా టిక్కీలు (మిరప బస్తాలు), ఇంటిల్లిపాదికీ తుమ్ములు. గుంటూరు యార్డుకు తోలేముందు తూచుకుందామని కంప్యూటరుకు తగిలించే కాటా కొన్నాను. అమ్మినాయన దాంతోపాటు ఒక డీఎల్ఎల్ ఫైలిచ్చి, "బరువు దానంతటదే లెక్కల్లోకి ఎక్కుద్దండీ" అన్నాడు. హైదరాబాదు నుంచి పండక్కొచ్చిన మా అబ్బాయి, "పైథాన్‌లో పావుగంట పని, నాన్నా" అన్నాడు.

ఆ పావుగంట మూడు రోజులు పట్టింది.

కాటావాళ్ల ఫైలు సీ భాషలో రాసి కట్టిన మూట. ప్రోగ్రాము నడుస్తుండగానే పైథాన్ దాన్ని విప్పి, లోపలి ఫంక్షన్‌ని పేరుపెట్టి పిలవాలి. ఇందుకు సీటైప్స్ అనే మధ్యవర్తి 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచీ ఇంట్లోనే ఉన్నాడట. అయినా భోగినాడు మూట విప్పుకోలేదు. అది 32 బిట్లది, మా పైథాన్ 64 బిట్లది. ఈ రెండూ ఒకే ప్రాసెస్‌లో కాపురం చెయ్యవు. 32 బిట్ల పైథాన్ దించుకునేసరికి అరిసెలు అయిపోయాయి.

పండగనాడు ఫంక్షన్ పలికింది. ఖాళీ కాటాకూ ఒకటే అంకె, నిండు టిక్కీకీ అదే అంకె! సంగతేమిటంటే, ఫంక్షన్ బరువును దశాంశాలతో లెక్కగట్టి, దశాంశాలుంచే రిజిస్టర్లో పెట్టి పోతోంది. మనం వేరే చెప్పకపోతే సీటైప్స్ పూర్ణాంకమే వస్తుందనుకుని పక్క రిజిస్టర్లో చెయ్యి పెడుతుంది. అక్కడున్న చెత్తే మాకు బరువు.

డీఎల్ఎల్‌లో ఫంక్షన్ల పేర్లే ఉంటాయి. ఏమివ్వాలో, ఏం తిరిగొస్తుందో హెడర్ ఫైల్లో ఉంటుంది. అది మాకు ఇవ్వలేదు. పాసుబుక్కు చూడకుండా పొలం కొంటామా?

కనుమ సాయంత్రం, రెస్‌టైప్ అంటే సీ_డబుల్ అని, అనగా తిరిగొచ్చేది దశాంశమని, మావాడు ఒక్క వరుస రాశాడు. తెరమీద 41.6 వచ్చింది. ఇల్లంతా చప్పట్లు.

కాటాలమ్మే అయ్యలారా, మూటతోపాటు ఆ ఒక్క కాగితం కూడా ఇవ్వండి. మా ఆవిడ మటుకు భోగినాడే కాటాముఖం చూసి, పాలలెక్క నోటుబుక్కులో ఆ టిక్కీ బరువు రాసుకుంది: 41.6.