వాలిగారి హెల్త్ బార్

మా శాన్ రామన్‌లో కాస్త మెరక మీద నిలబడితే చాలు, మౌంట్ డయాబ్లో కనబడుతుంది. ఎత్తు 3,849 అడుగులు. పేరుకు దెయ్యాల కొండే గానీ, ఆదివారం పొద్దున దాని మీద తిరిగేది సైకిళ్ళవాళ్ళూ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపించే మనవాళ్ళూను. చదువుకునే రోజుల్లో పక్కనే డాన్‌విల్‌లో ఉన్న డేవిడ్ బ్రెవిక్ అనే కుర్రాడు ఆ పేరు మీద మనసుపడి, పెద్దయ్యాక తన వీడియో గేమ్‌కు అదే పెట్టేశాడు. 1996 చివర్లో వచ్చిన డయాబ్లో అదే. అంచేత ఆ ఆట మీద ఫిర్యాదు చేసే స్థానిక హక్కు మా ఊరివాళ్ళకుందని నా వాదన.

నా ఫిర్యాదల్లా రాక్షసుల ఆయుష్షు గురించే.

డయాబ్లో 2లో ఒక లెక్కుంది. ఆటలోకి అదనంగా వచ్చే ఒక్కో మనిషికీ రాక్షసుల ప్రాణం అసలు మీద యాభై శాతం పెరుగుతుంది. ఇద్దరైతే ఒకటిన్నర రెట్లు, ముగ్గురైతే రెండు, ఎనిమిదిమంది నిండితే నాలుగున్నర. న్యాయంగానే ఉంది, మా మామగారు రంగంలోకి దిగేదాకా.

వేసవికి వచ్చిన ఆయనకు మావాడు మూడో లాప్‌టాప్‌లో ఒక మంత్రగత్తె పాత్ర కట్టబెట్టాడు. ఆయన ఆవిణ్ణి శిబిరంలో మంట పక్కన నిలబెట్టి అంగుళం కదపలేదు. అటు గుహలో మా తండ్రీకొడుకుల పని అయిపోతోంది. ఆట దృష్టిలో ఆయనా యోధుడే కాబట్టి ప్రతి రాక్షసుడికీ ఆయన వాటా ప్రాణం చేరింది. పైగా అక్కడ షామన్ అని ఒకడుంటాడు, మనం చంపినవాళ్ళను చంపినట్టే లేపేస్తుంటాడు. మామగారు నా తెరలోకి తొంగిచూశారు.

"అల్లుడుగారూ, ఇందాక చంపినవాడే కదండీ వీడు?"

"వాడేనండీ."

"మరెందుకండీ ఈ శ్రమ?" అని కాఫీ అందుకున్నారు.

"తాతయ్యా, ప్లీజ్, లాగౌట్ అయిపో!" అని మావాడు మొత్తుకున్నాడు.

ఎవడికెంత ప్రాణమో అంకె వేసే పద్ధతి 1974లో గైగాక్స్, ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటతో పాకింది. ఆర్నెసన్ దాన్ని ఓడల యుద్ధపు ఆటల్లోంచి తెచ్చుకున్నాడు. ఓడ ఒక్క గుండుకు మునగదు, నిజమే. ఆ లెక్క మనిషికి వేసేసరికి, ఒంటినిండా బాణాలు దిగి ఒక్క పాయింటు మిగిలినవాడు కూడా క్లైమాక్సులో మన హీరోలా ఉరుకుతున్నాడు.

2006లో వచ్చిన ఆబ్లివియన్ అనే ఆట ఇంకో మెట్టెక్కింది. మన లెవెల్ పెరిగితే శత్రువులదీ పెరుగుతుంది. చివరికి దారిదోపిడీ దొంగ కూడా ఖరీదైన గ్లాస్ కవచం తొడుక్కుని వచ్చి, వంద నాణేలిస్తావా చస్తావా అంటాడు. ఆ కవచం అమ్ముకుంటే జీవితాంతం కూర్చుని తినొచ్చని వాడికి చెప్పేవాడు లేడు. జీతం పెరిగినప్పుడల్లా ఇళ్ళ ధరలు ముందే పెరిగిపోయే మా ఊళ్ళో ఈ సూత్రాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదురొచ్చినవాడి బలంలో సగం లాగేసుకునే వాలిదీ ఇదే వరం. అది తెలిసే రాముడు చెట్టుచాటు నుంచి బాణం వేశాడు. గేమర్లు దాన్ని 'ఎక్స్‌ప్లాయిట్' అంటారు, పండితులింకా తేల్చుకోలేదు.

ఇక స్కైరిమ్ అనే ఆటలో లెజెండరీ అనే కష్టస్థాయి పెట్టుకుంటే మన దెబ్బ నాలుగో వంతుకు పడిపోతుంది, వాళ్ళది మూడు రెట్లవుతుంది. ఎలుగుబంటికి కొత్త తెలివేమీ రాదు, ఎంత కొట్టినా చావదంతే. దాన్ని నరుకుతూ ఒక ఆఫీసు మీటింగు మొత్తం వినేయొచ్చు. దీన్ని కష్టం అనరు, కాలక్షేపం అంటారు.

మన కథలు చెప్పినవాళ్ళు ఈ పని చెయ్యలేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరుకు వాళ్ళు హెల్త్ బారు పొడిగించలేదు, ప్రాణాన్ని తీసుకెళ్ళి సముద్రాల అవతల చిలకలో దాచారు. కత్తులెన్ని విరిగినా లాభం లేదు, బాలవర్ధిరాజు వెళ్ళి ఆ చిలకను పట్టుకురావాల్సిందే. జరాసంధుణ్ణి భీముడు ఎన్నిసార్లు చీల్చినా రెండు ముక్కలూ అతుక్కునేవి. కృష్ణుడు గడ్డిపరక చీల్చి అటుదిటు ఇటుదటు విసిరి చూపించాకే పని జరిగింది. చూస్తున్నవాడికి ఊపిరాడనిది ఆ గడ్డిపరక దగ్గరే, భీముడి గద ఎన్ని పాయింట్లన్న దగ్గర కాదు.

గేమ్ కంపెనీల్లో పనిచేస్తున్న మనవాళ్ళకు ఒక విన్నపం. ఆటలోని బాసు రాక్షసుడి ప్రాణానికి ఇంకో సున్నా తగిలించమని మీ మేనేజరు అడిగితే, ముందు ఆయన్ని కూర్చోబెట్టి బాలనాగమ్మ కథ చెప్పండి. అలాగే, శిబిరంలో మంట కాచుకునే పెద్దవాళ్ళను దయచేసి లెక్కలోంచి తీసేయండి.